లిమోజ్‌లో వెర్దియే మాస్టారు

సెలవులకు లిమోజ్ వెళ్లాను. పొద్దున్నంతా చర్చి, పింగాణీ దుకాణాలు తిరిగి కాఫీకి కూర్చోబోతే పక్క బల్ల దగ్గర వెర్దియే మాస్టారు. చిన్నప్పుడు మా వేళ్ల కొసలు ఒక్కచోట చేర్పించి, ఇనుప స్కేలుతో గోళ్లు చితక్కొట్టినవాడు.

నా చేతికర్రతో ఆయన మొహం మీద కొట్టాను. ముక్కు పగిలి కాఫీలోకి నెత్తురు కారింది.

“నేనెవర్నో చెప్పు! పేరు పెట్టి క్షమాపణ అడుగు, లేకపోతే చంపేస్తాను.”

“మొహం గుర్తులేదు నాయనా.”

మళ్లీ కొట్టాను. పన్ను ఊడింది. సర్వర్ పరిగెత్తుకొచ్చాడు.

“వదిలెయ్, నా పాత శిష్యుడే. ఈ వేసవిలో నాలుగోవాడు” అన్నాడు మాస్టారు. వేళ్ల కొసలు చేర్చి నాకు చూపించాడు. అన్నీ కమిలి ఉన్నాయి.

“మిగతా ముగ్గురూ నేను నేర్పినట్టు ఈ గోళ్ల మీదే కొట్టారు. నువ్వు బ్రిసార్‌వి కదూ? చెప్పింది చెప్పినట్టు ఏనాడు చేశావు గనక!”