పేజీ చప్పుడు

"రేపు ఇచ్చేయాలి నాన్నా. లైబ్రరీలో ఇంకెవరో నెల్లాళ్ళుగా దీనికోసం కాచుకుని ఉన్నారట. లైబ్రేరియన్ ఇంక గడువు ఇవ్వనన్నారు."

"ఇచ్చేద్దాం. ఆ చివరి అధ్యాయం ఒక్కటీ చదివెయ్."

తండ్రి మంచం మీద గోడకు చేరగిలబడి మౌత్ ఆర్గాన్‌ను చొక్కా అంచుతో తుడుస్తున్నాడు. కూతురు కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుంది గానీ తెరవలేదు. ఆ అధ్యాయాన్ని ఆమె పొద్దున బస్సులో వస్తూ చదివేసింది.

శని ఆదివారాలకు ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. శనివారం మ్యాట్నీ. ఆదివారం పొద్దున పుస్తకం, అమ్మ చదవడం, నాన్న వినడం. మధ్యాహ్నం నాన్న మౌత్ ఆర్గాన్, బల్ల మీద అమ్మ వేళ్ళ తాళం. నాన్నది బేకరీలో పని. తెల్లారకముందే లేచి పిండి పిసికే మనిషి కనుక, ఇంటర్వెల్ దాటితే సీట్లో కళ్ళు మూతలు పడేవి. బయటికొచ్చాక, "ఏమైందే చివరికి?" అని అడిగేవాడు. అమ్మ ఇంటిదాకా నడుస్తూ చెప్పేది. ఆమె చెప్పే ముగింపుల్లో విడిపోయినవాళ్ళు కలిసేవారు, పోయారనుకున్నవాళ్ళు తిరిగొచ్చేవారు. అన్నీ ఆమె సొంత కల్పనలే. పుస్తకాలకూ అదే వైద్యం చేసేది. "మీ నాన్నకి చెప్పావో, నీ పని చెబుతా," అని కూతుర్ని బెదిరించేది కూడా.

ఈ నవల ఆస్పత్రిలో మొదలైంది. మంచం మీద అమ్మ, పక్కన స్టూలు మీద నాన్న. చదివింది మాత్రం అమ్మే. నాన్న కళ్ళకు పొర కమ్మి అప్పటికే అక్షరాలు ఆనడం లేదు. ఆఖరి అధ్యాయం దగ్గర ఆపి, "ఇది ఇంటికెళ్ళాక," అంది. ఆమె ఇంటికి రాలేదు.

"ఆలోచిస్తావేమే? ఆవిడ వస్తుందా, రాదా? మూడు నెలలుగా వాణ్ణి ఆ రేవులో నిలబెట్టేశాం. పాపం, కాళ్ళు పీకుతుంటాయి."

నవలలో ఒక రేవు కాపలాదారు, అవతలి ఒడ్డుకు వెళ్ళిన భార్య కోసం రోజూ సాయంత్రం లాంతరు వెలిగించి నిలబడతాడు. చివరి అధ్యాయంలో పడవ వస్తుంది. అందులో ఆమె పెట్టె ఒక్కటే ఉంటుంది.

కూతురు ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతుంది. ఉన్న అక్షరాన్ని ఉన్నట్టు చదివినందుకే ఆమెకు జీతం. పన్నెండేళ్ళలో ఎవరి రాతలోనూ ఒక్క పొల్లు సొంతంగా చేర్చి ఎరగదు. గొంతు సవరించుకుని పుస్తకం తెరిచింది.

మొదటి పేజీ ఉన్నదున్నట్టు చదివింది. రెండోదీ అంతే. మూడో పేజీలో దూరంగా పడవ కనబడింది. అక్కడినుంచి ఆమె కళ్ళు అక్షరాల మీదే ఉన్నాయి గానీ నోరు వేరే దారి పట్టింది.

"పడవ రేవుకు తగిలింది. ముందు పెట్టె దిగింది. వెనకాల ఆమె దిగింది. చెప్పులు తడవకుండా చేత్తో పట్టుకుని నీళ్ళలో అడుగు పెట్టింది. 'ఇంకా పట్టపగల్లా ఉంటే ఆ లాంతరేమిటి, నూనె ఊరికే వస్తోందా?' అంది. అతను పెట్టె అందుకున్నాడు."

అక్కడ ఆపేయవచ్చు. ఆమెకు ఆపాలనిపించలేదు. ఇద్దర్నీ ఇంటిదాకా నడిపించింది, తాళం తీయించింది, పొయ్యి వెలిగించింది, ఒకరికెదురుగా ఒకర్ని కూర్చోబెట్టింది. ఇక చెప్పడానికి ఏమీ మిగలక, పేజీల మధ్య వేలు ఉంచి పుస్తకం మూసింది. చెప్పులు చేత్తో పట్టుకుని నడవడం అమ్మ అలవాటని అప్పుడు గుర్తొచ్చింది.

తండ్రి కాలి బొటనవేలు మంచం పట్టె మీద మెల్లగా తాళం వేస్తోంది.

"బాగుంది. వచ్చేసింది," అన్నాడు. తర్వాత, "పేజీ తిప్పడం మరిచిపోయావమ్మా," అన్నాడు.

ఆమె ఒళ్ళోకి చూసుకుంది. వేలు ఇంకా మూడో పేజీలోనే ఉంది.

"ఒక్కసారే చప్పుడైంది. తర్వాత లేదు. మీ అమ్మా ఇంతే. కథ తనదైపోతే పేజీ సంగతి మరిచిపోయేది."

"తెలిసే వినేవాడివా?"

తండ్రి తలాడించాడు.

"సినిమాలకి ఆ చప్పుడు కూడా ఉండదుగా నాన్నా. నువ్వేమో నిద్రపోయేవాడివి."

అతను మౌత్ ఆర్గాన్‌ను పెదవుల దాకా తీసుకెళ్ళి, ఊదకుండా దించాడు.

"కళ్ళు మూసుకుంటేనే కదమ్మా, మీ అమ్మ ఇంటిదాకా చెబుతూ వచ్చేది."