అందరికీ ఒకే ‘ఆయ్’

“రైతులందరి పేర్ల ఎదురుగా ముందు ‘సమ్మతం’ అని నింపెయ్యమ్మా. కాదన్నవాడెవడైనా ఉంటే తర్వాత మారుద్దాం,” అన్నారు పోలిరాజు గారు. ఊళ్లో వరిచేలన్నీ రొయ్యల చెరువులు చేయించాలని ఆయన పట్టు.

మలికిపురంలో ఆయన కంప్యూటర్ సెంటర్లోనే ప్రోగ్రాములు రాసే లక్ష్మీతులసికి ఒళ్లు మండింది. ఆ పేర్లలో వాళ్ల నాన్న పేరూ ఉంది.

“వీళ్లని అడిగేరా బాబాయిగారూ?”

“ఇంటింటికీ వెళ్లి అడిగేను. అందరూ ఆయ్ అన్నారు.”

“మా నాన్నగారు రేడియోలో వార్తలకి కూడా ఆయ్ అంటారండి. ఆయ్ అంటే విన్నామని. చేలోకి ఉప్పునీళ్లు పెట్టుకోమని కాదు.”

“నాకు అర్థాలు చెప్పకు. సాయంత్రం ఆఫీసర్లు వస్తున్నారు. పై నుంచి కింద దాకా ఒకటే మాట ఉండాలి. ఉద్యోగం కావాలంటే చెప్పింది చెయ్యి.”

తులసి పళ్లు బిగపట్టింది. “ఆయ్,” అంది.

ఆయన తేలిగ్గా కుర్చీలో వెనక్కి వాలారు.

ఎన్ని పేర్లున్నా, అన్నిటి ఎదురుగా ఒకే మాట నింపడానికి ప్రోగ్రాములో ఒక్క లైను చాలు. తులసి కీబోర్డు విరిగిపోతుందేమో అన్నట్టు ఆ లైను కొట్టింది. ప్రింటరు గీరుకుంటూ కాగితం బయటకు తోసింది.

అది చదువుతూనే పోలిరాజు గారు లేచి నిలబడ్డారు. మొదటి పేరు నుంచి చివరి పేరు దాకా ఒకటే మాట: ‘విన్నారు.’

“ఇదేంటి? చెప్పినట్టు చెయ్యమంటే నువ్వూ ఆయ్ అన్నావు కదా?”

తులసి సంచీ భుజాన వేసుకుంది.

“విన్నానండి.”