వీధివైపు తిప్పిన కుర్చీ

సెలూన్ గుమ్మం దాకా వచ్చిన మనిషి, లోపల కుర్చీ పక్కన నిలబడ్డ అతని మొహం చూశాడు. చేతిలోని కత్తి చూశాడు.

"ఇంటి దగ్గర ఏదో మర్చిపోయా," అంటూ వెనక్కి తిరిగాడు.

కొట్టు తెరిచి తొమ్మిది రోజులు. ఇంతవరకు ఒక్క మనిషీ కుర్చీ ఎక్కలేదు.

అతనికి పని రాక కాదు. జైల్లో పద్నాలుగేళ్లు చేసింది ఆ పనే. హత్య చేసింది అతను కాదని కోర్టు ఇన్నాళ్లకు తేల్చి వదిలిపెట్టింది. అలా బయటికొచ్చినవాళ్లకు ఆసరా ఇచ్చే సంఘమొకటి ఈ కొట్టు చూపించి, కుర్చీ, అద్దం ఇప్పించింది. మూడు నెలల్లో నిలదొక్కుకోకపోతే కొట్టు ఇంకొకరికి ఇస్తామని ముందే చెప్పింది.

కానీ కత్తిపోటు కేసులో లోపలికెళ్లొచ్చినవాడికి గొంతు అప్పగించేదెవరు?

పదో రోజు పొద్దున ఒక పెద్దాయన వచ్చాడు.

"గడ్డం గీస్తావా, గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటావా?"

అతనికి ప్రాణం లేచొచ్చింది. గబగబా కుర్చీ దులిపాడు.

"దాన్ని వీధివైపు తిప్పు."

"అద్దం ఇటుంది కదండీ!"

"నా మొహం నాకు తెలీదా ఏంటి? తిప్పవయ్యా."

ఇదేం చాదస్తమో అనుకుంటూ తిప్పాడు. గొంతు దగ్గరికొచ్చేసరికి అతనే ఒక్క క్షణం కత్తి ఆపాడు. పెద్దాయన మాత్రం తల వెనక్కి వాల్చి, మెడ సాచి కళ్లు మూసుకున్నాడు. దారినపోయేవాళ్లు ఆగి మరీ చూశారు.

మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు.

వారం తిరక్కుండానే పక్క కొట్టు దర్జీ వచ్చి జుట్టు కత్తిరించమన్నాడు. తర్వాత దర్జీ బావమరిది. నెల తిరిగేసరికి బెంచీ నిండిపోయింది.

అయినా పెద్దాయన రావడం మానలేదు. నున్నటి చెంపలతోనే వచ్చి, అందరికంటే ముందు కుర్చీలో కూలబడేవాడు.

ఒక ఆదివారం, ఐదుగురు ఎదురుచూస్తుండగా అతనికి ఒళ్లు మండింది.

"రోజూ ఏంటి పెద్దాయనా ఈ గోల? లేని గడ్డం ఎక్కణ్ణుంచి తెచ్చి గీయను? అవతల జనం కూర్చున్నారు!"

పెద్దాయన బెంచీవైపు తిరిగి ఒక్కొక్కరినీ తీరిగ్గా చూశాడు.

"నిజమే. జనం వచ్చేశారు," అన్నాడు. మెడ చుట్టూ ఉన్న తువ్వాలు తీసి అతని చేతికిచ్చి వెళ్లిపోయాడు.

మళ్లీ రాలేదు.

అతనికి మనసు పీకుతూనే ఉంది. అనవసరంగా నోరు జారాడు. కనిపిస్తే క్షమించమని అడగాలనుకున్నాడు. ఇల్లెక్కడో కనుక్కుందామనుకుంటూనే పనిలో పడిపోయాడు.

నెల తర్వాత దర్జీ తల వంచి కూర్చుని అన్నాడు.

"పెద్దాయన నిన్న పోయాడు తమ్ముడూ. గుండె జబ్బట."

కత్తెర ఆగిపోయింది.

"అయ్యో... ఇంతకీ ఆయన ఎవరు, అన్నా?"

"ఆటపట్టిస్తున్నావా?" దర్జీ గిరుక్కున తిరిగాడు. "ఆయన నీ కత్తి కింద మెడ పెట్టాడు కాబట్టే కదయ్యా మేమంతా ధైర్యం చేసింది!"

"ఒట్టు. నాకు తెలీదన్నా."

దర్జీ అతని మొహంలోకి చూసి గొంతు తగ్గించాడు.

"అవున్లే, ఆయన కోర్టు గడపే తొక్కలేదు. నీకు తెలుసనుకునే మేమెవరమూ ఆ మాట ఎత్తలేదు. నువ్వు చంపావన్నారే, ఆ కుర్రాడు ఆయన ఒక్కగానొక్క కొడుకు."