ఊరు కట్టేసిన దినం

"ఆగు! ఆడనే ఆగు! ముల్లకంప కనబడ్తలేదా?"

మల్లేశ్ అరుపుకు సైకిలాయన బ్రేకు వట్టిండు. లావు టైర్లు కంకర మీద జరజర జారి, తొవ్వకు అడ్డమేసిన కంప ముందల ఆగినయి.

నడీడు మనిషి. నెత్తికి తువ్వాల, బట్టలనిండ ఎర్రదుమ్ము.

లింగాల గుట్టల మీదికెళ్లి దిగే ఆ కంకరతొవ్వల ఎడ్లబండి సుత మూల్గుకుంట వస్తది. ఈయన సైకిలు తొక్కుకుంట వచ్చిండు.

"జర తొవ్వ ఇయ్యి తమ్మీ, ఊర్లెకు పోవాలె."

"ఇయ్యాల ఊరి నడుమ దేవర బొడ్రాయికి పండుగ. ఊరు కట్టేసినం. పొద్దుగూకేదాక లోపటోడు బయటికి పోవద్దు, బయటోడు లోపటికి రావద్దు. ఆచారం తప్పితే వానలు పడయి."

ఊరి పెద్దలు పొలిమేర కావలి మల్లేశ్‌కు అప్పజెప్పిండ్రు. పొద్దటిసంది మల్లేశ్ మీసం కిందికి దిగలేదు.

"ఇంతకు నువ్వెవరు? భూములు కొలువనీకె వచ్చినవా?"

"కాదు తమ్మీ. మాది వనపర్తి. సెలవు దొరికితె గుట్టలెంబడి సైకిలు తొక్కుత. ఇటలీ దేశంల గిట్లాంటి కంకరతొవ్వలు దేవులాడుకొని మరీ తొక్కుతరట, టీవీల చూసిన. మన గుట్టలేం తక్కువ అనిపిచ్చింది."

మల్లేశ్ పకపక నవ్విండు.

"తారురోడ్డు వెయ్యుమని మేము ఆఫీసుల చుట్టు తిరిగి సస్తుంటే, నీకు కంకరే కావల్సొచ్చిందా? ఊరంత ఒక తొవ్వయితే ఉలిపికట్టెది ఒక తొవ్వ!"

సైకిలాయన సుత నవ్విండు.

"తొక్కుడు ఒక్కటే కాదు. ఒక పెద్దమ్మను చూడాలె. పేరు తెల్వదు. ఈ తొవ్వ పొంటి ఊర్లన్ని అడుగుకుంట వస్తున్న."

"పేరు తెల్వదు, ఊరు తెల్వదు. మంచి చుట్టానివే దొరికినవ్! రేపు రారాదు."

"రేపు డ్యూటీ ఉన్నది. ఏమయిందంటే తమ్మీ..."

"కథలొద్దు. వచ్చిన తొవ్వ పట్టు."

ఆయన ఎండ దిక్కు చూసిండు. సైకిలుకున్న సీస ఊపిండు. చుక్క లేదు.

"పోనీ, ఇన్ని నీళ్లన్న పొయ్యి. దూపకు నాలిక పిడచగట్టింది."

మల్లేశ్ పక్కన వేపచెట్టు నీడకు నిండు కుండ ఉన్నది. మీద చెంబు బోర్లించి ఉన్నది. ఆయన దిక్కే చూసుకుంట మల్లేశ్ తలకాయ అడ్డం ఊపిండు.

"ఊరి నీళ్లు సుత పొలిమేర దాటొద్దు."

"సరే తమ్మీ. ఆచారం ఆచారమే."

మెడకేసుకున్న గుడ్డసంచి తీసి కంప మీద తలిగేసిండు.

"ఆ పెద్దమ్మ మీ ఊరామెనే అయితే, ఇది ఇయ్యుండ్రి."

సైకిలు మలుపంగనే కంపముల్లు టైరుల దిగింది. బుస్సుమని గాలి పోయింది. ఆయన వంగి ముల్లు పీకిండు. సైకిలు దొబ్బుకుంట గుట్టెక్కవట్టిండు.

"తొక్కు, ఇటలీ దొరా, తొక్కు!" అని మల్లేశ్ ఎనకనుంచి కూతేసిండు.

పగటిపూట తల్లి కిష్టమ్మ కొడుక్కు సద్ది తెచ్చింది. వట్టి కాళ్లు.

"చెప్పులేవే అవ్వా? కాళ్లు బొబ్బలెక్కయా?"

"ఒక్కటే ఉన్నది కద బిడ్డా. రెండోది ఆ దినం గుట్ట మీదనే పాయె."

దసరా ముందల సీతాఫలాలకు గుట్టెక్కి, జారిపడి, నెత్తి పలగ్గొట్టుకున్నది కిష్టమ్మ. మల్లేశ్ అప్పుడు అయిజల సీడుపత్తి పనికి పోయుండె. ఎవరో పుణ్యాత్ముడు ఆమెను దవాఖానల చేర్చి, పేరన్న చెప్పకుంట పోయిండు. జర ఆలస్యమైతె దక్కకపోతుండె అన్నడు డాక్టరు. ఆమెకు సోయి వచ్చేసరికి పక్కన ఎవరు లేరు. ఆనాటి ఒంటి చెప్పును చూరుల చెక్కిపెట్టింది, పారెయ్యనియ్యది.

"బొడ్రాయికి ఏం మొక్కినవే?"

"ఇంకేమున్నది? నన్ను బతికిచ్చినాయన్ను ఒక్కపారి చూపియ్యమన్న. కడుపునిండ బువ్వ పెట్టాలె. పెట్టెల కొత్త ధోతి అట్లనే ఉన్నది."

"దొరకాలె గాని అవ్వా, భుజాల మీద ఎక్కిచ్చుకొని ఊరంత తిప్పుత!" అన్నడు మల్లేశ్, ముద్ద నోట్ల పెట్టుకుంట.

కిష్టమ్మ కంప దిక్కు చూసింది.

"ఆ సంచేందిరా?"

మల్లేశ్ నవ్వుకుంట అంత చెప్పిండు. ఇటలీ ముచ్చట, టైరు ముచ్చట, నీళ్ల ముచ్చట. కిష్టమ్మ నవ్వలేదు.

"దూప అన్నోనికి నీళ్లియ్యలేదా?"

"ఆచారం కదనే..."

"నీ ఆచారం మన్నువడ! మనిషిని ఆపమన్నరు గాని గొంతు ఎండవెట్టుమని ఏ బొడ్రాయి చెప్పిందిరా? నేనేనా నిన్ను కన్నది?"

మల్లేశ్ చేతుల ముద్ద సద్దిగిన్నెల పెట్టిండు. ఊరంతట్ల ఎవరు అట్ల అన్నా కొట్లాడుతుండె. తల్లి అన్నది. చెవులు కాలినట్లయి తలకాయ వంచుకున్నడు.

లేచి కుండల చెంబు ముంచిండు. తను నరికేసిన కంపను తనే కాలుతోని పక్కకు నూకి, గుట్ట దిక్కు నడిసిండు.

"ఓ అన్నా! సైకిలన్నా! నీళ్లు!"

గుట్ట మీద ఎవరు లేరు. కంకర ఎండకు మెరుస్తున్నది.

సిగ్గుతోని మర్లివచ్చి, కంపకున్న సంచి తీసి తల్లి ముందల ఇప్పిండు. లోపట కాయితంల చుట్టి ఒక్కటంటే ఒక్క చెప్పు ఉన్నది. దాని తెగిన పట్టీకి, అయిజ పోయే ముందటి దినం అవ్వ కోసమని మల్లేశ్ తన చేతులతోనే వేసిన ఇనుపతీగె కుట్టు ఉన్నది.