ఖాళీ కుర్చీల ముందు

ప్రకటనల కంపెనీలో రాతపని చేసే అతనికి రేపటి మీటింగే ఆఖరి ఆశ. తాళాల కంపెనీ పని దక్కకపోతే ఆఫీసు మూతపడుతుంది. రాత్రి అందరూ వెళ్లిపోయాక ఖాళీ కుర్చీల ముందు నిలబడి, చెప్పవలసిందంతా ఫోన్‌లో రికార్డు చేసుకున్నాడు. ప్రతి మాట తర్వాత, వచ్చినవాళ్లు ప్రశ్న అడగడానికి కాసేపు ఆగాలన్నది బాస్ నేర్పిన పద్ధతి. అలాగే ఆగాడు.

భార్య ఫోన్ చేసింది. "కుర్చీలు ఒప్పుకున్నాయా? ఇక ఇంటికి రండి."

"ఒక్కసారి విని బయల్దేరతానే."

దేవుణ్ణి తలుచుకుని రికార్డింగ్ పెట్టాడు.

"మా తాళం వేస్తే ఇంట్లోకి ఎవరూ రాలేరు" అంది అతని గొంతు. తర్వాత అతను ఆగిన చోట నిశ్శబ్దం. ఆ రికార్డింగ్‌లోనే ఒక కుర్చీ కిర్రుమంది. ఎవరో పెద్దాయన నెమ్మదిగా అడిగాడు.

"మరి ముందే లోపల ఉన్నవాళ్ల సంగతేంటి బాబూ?"

రికార్డు చేసేటప్పుడు అక్కడ తాను నోరు విప్పలేదు. అయినా ఫోన్‌లో తన గొంతే వినయంగా నవ్వింది.

"వాళ్లు బయటికి పోలేరండీ."

"బాగుంది. పని నీకే ఇస్తున్నాం."

ఆ మాట కోసమే నెల రోజులుగా మొక్కుకుంటున్నాడు. చేతులు వాటంతటవే జోడయ్యాయి. ఏ కుర్చీ వైపు తిరిగి దండం పెట్టాలో అతనికి తెలియలేదు.