నడిచెరువు గుట్ట

"సాయిబూ, ఆ సంచిలో ఏముండాదో సూపించు. ఆనకనే పుట్టి కదిలేది."

చెరువులో పుట్టి నడిపే అంకయ్య తెడ్డు అడ్డం పెట్టాడు.

ముసలాయన నవ్వుతూ సంచి విప్పాడు. రొట్టె, అరటిపండు, నల్లటి దుర్భిణి.

అయితే ఈశ్వరప్ప చెప్పింది నిజమే!

రామసముద్రం దగ్గర ఆ చెరువు నడుమ ఉన్న గుట్టలో పాలెగాళ్ళ నిక్షేపం ఉందని ఊళ్ళో అందరూ అనుకునేదే. ఏటా ఎండలు ముదరకముందే ఈ సాయిబు యాడి నుంచో ఊడిపడతాడు. పుట్టిలో గుట్టకు పోతాడు. పొద్దు వాలేదాకా బండల సందున కూర్చుని ఒకే పొదవైపు దుర్భిణి పెట్టి చూస్తాడు.

"దుర్భిణి కాదప్పా అది. అద్దానికి అంజనం పూసినాడు. నిక్షేపం దాంట్లో అగపడతాది. మనలాంటోళ్ళు సూస్తే కండ్లు పోతాయి," అని ముందురోజే చెప్పాడు ఊళ్ళోని ఈశ్వరప్ప.

ఆ గుట్ట గురించి ఊరికి ఇంకో వేళాకోళం కూడా ఉండేది. ఏటా గుట్ట రాయికి వేలం వేసేవాళ్ళు. ఏటా మదనపల్లె నుంచి మస్తాన్ అనే గుమాస్తా వచ్చి, తన యజమాని కోసం పాడుకుని పోయేవాడు. ఒక్క ఉలి దెబ్బ పడింది లేదు.

"ఎవురప్పా ఆ పిచ్చి కాంట్రాక్టరు?"

"ఎవురైతేనేం. రాయి కొట్టనని నోటితో అన్నాడంటే గుత్త రద్దు సేస్తారు. అందుకే మొగం సూపించడు."

నవ్వుకునేవాళ్ళు. అంకయ్యా నవ్వేవాడు. గుట్ట కదలకపోతే చెరువు తేట. చెరువు తేటగా ఉంటే వలలో చేప.

ఆ రోజు ముసలాయనను దించి అంకయ్య వెనక్కి పోలేదు. తనూ గుట్ట ఎక్కాడు. పొద్దున్నే తాను తెచ్చి దించిన ఈశ్వరప్ప బండ చాటున కాచుకుని ఉన్నాడు.

"యాడుండాది నిక్షేపం?" ఈశ్వరప్ప గద్దించాడు.

"మెల్లగప్పా. గూట్లో పిల్లలుండాయి."

"ఏం పిల్లలు?"

"పిగిలిపిట్టలప్పా. పసుపు గొంతువి. మన పక్క రాతిగుట్టల్లో తప్ప లోకంలో యాడా బతకవు. సుట్టూ గుట్టలన్నీ కొట్టేస్తాండారు. ఈడ నీళ్ళు అడ్డముండబట్టి మిగిలినాయి. నువ్వూ సూడు."

ముసలాయన దుర్భిణి అందించాడు. అంకయ్య గబుక్కున కళ్ళు మూసుకున్నాడు.

"పిట్టల్ని సూసేదానికి బస్సెక్కి వచ్చేవోడు యాడన్నా ఉంటాడా?" ఈశ్వరప్ప పకపకా నవ్వాడు. "గుట్ట దిగు సాయిబూ!"

"నేను దిగితే ఈ గుట్ట..."

"ఏం, ఈ గుట్ట మీ అబ్బదా?" అన్నాడు అంకయ్య.

ముసలాయన నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు.

అంకయ్య దుర్భిణి లాక్కుని బండకేసి కొట్టాడు. ఒక అద్దం పగిలింది. దానికోసం వంగిన ముసలాయనను ఒక్క తోపు తోశాడు.

కాలు బండల మధ్య మడతపడింది.

లేవలేకపోయాడు. ఎట్లాగూ గుట్ట మీద వదలలేరు కాబట్టి ఎత్తి పుట్టిలో వేశారు. పగిలిన దుర్భిణి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఒడ్డున దించేటప్పుడు తిడతాడనుకున్నాడు అంకయ్య.

"గూడు జోలికి మాత్రం పోవద్దప్పా," అన్నాడంతే.

మరుసటేడు వేలానికి మస్తాన్ రాలేదు.

కుప్పం తట్టు కాంట్రాక్టరొకడు పాడుకున్నాడు. గుట్ట మీద మందు పేలింది. బండముక్కలు చెరువులో పడ్డాయి. నీళ్ళు తెల్లబారి చేపలు వెల్లకిలా తేలాయి. గుట్ట కడుపు చీల్చినా నిక్షేపం మాత్రం బయటపడలేదు. పిట్టలు ఎప్పుడు పోయాయో ఎవరూ చూడలేదు.

"ఆ పిచ్చి కాంట్రాక్టరే మేలప్పా. పోయి కాళ్ళు పట్టుకో. సగం గుట్టన్నా మిగులుతాది," అన్నాడు ఈశ్వరప్ప.

అంకయ్య మదనపల్లె బస్సెక్కాడు. పట్టునూలు అంగళ్ళ వీధిలో మస్తాన్‌ను వెదికి పట్టుకున్నాడు. మస్తాన్ యజమాని ఇల్లు చూపించి, తల దించుకుని వెళ్ళిపోయాడు.

యజమాని భార్య, ఖుర్షీదా అనే ముసలామె, తలుపు తీసింది.

"వచ్చే వేలానికి అయ్య రావాలమ్మా. గుట్ట నాశనమైతాండాది."

"ఆయన యాడొస్తాడప్పా. మంచాన పడి, రంజాన్‌కు ముందే పోయినాడు." ఆమె టీ గ్లాసు అందించింది. "మీ చెరువులో పుట్టి నడిపే అంకయ్య నీకు తెలుసునా?"

"నేనేనమ్మా."

"నువ్వేనా నాయనా!" ఆమె కళ్ళు తడిశాయి. "కడదాకా నీ మాటే. గుట్ట మీద జారి పడితే ఎత్తుకొచ్చి ఒడ్డు చేర్చినావంట గదా. నువ్వొస్తే ఇయ్యమని ఒకటి పెట్టిపోయినాడు."

అంకయ్య టీ గ్లాసు కింద పెట్టేశాడు.

ఆమె లోపలికి పోయి, పాత పట్టుగుడ్డలో చుట్టిన మూట తెచ్చి, ఒక అద్దం పగిలిన ఆ నల్లటి దుర్భిణిని అతని ఒళ్ళో పెట్టింది.