అనుమతి లేదు

"ఈ వివరాలు చూసే అనుమతి మీకు లేదు."

విజయేందర్ మళ్లీ నొక్కాడు. తెర మీద మళ్లీ అదే మాట, అవే ఎర్రటి అక్షరాలు.

జమ్మికుంటలో ఈ విత్తనాల దుకాణం అతనిది. అంటే సగం అతనిది. మిగతా సగం బావమరిది హనుమండ్లుది. ఇక్కడ విజయేందర్ చూసుకుంటాడు, బోథ్‌లో ఉన్న రెండో దుకాణం హనుమండ్లు చూసుకుంటాడు. రెండూ ఒకే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తాయి. ఏ విత్తనం ఏ ధరకు కొన్నారు, ఏ రైతు ఏ రకం అడుగుతాడు, అతని ఫోన్ నంబరేమిటి, అన్నీ అందులోనే. అవి యజమానులిద్దరికే కనబడాలని, గుమాస్తాలకు బిల్లు కొట్టడం తప్ప ఇంకేదీ తెరుచుకోకూడదని పోయినేడు పట్టుబట్టింది విజయేందరే. సరుకు పోతే మళ్లీ తెచ్చుకోవచ్చు, గిరాకీ పోతే తెచ్చుకునే చోటు లేదని అతని లెక్క.

ఇప్పుడు ఆ తాళం తనకే పడింది.

కొనుగోలు ధరలు రాలేదు. రైతుల వివరాలు రాలేదు. బోథ్ దుకాణం పేరే కనబడలేదు. పొద్దున షట్టర్ ఎత్తి, బోణీ బిల్లు కొట్టి, మంచినీళ్లు తాగేసరికి ఇంత జరిగింది.

ఎవరికి ఏది కనబడాలో సరిచేసే మోయిజ్ కరీంనగర్‌లో ఉంటాడు. ఫోన్ చేస్తే, వెనక బ్యాండు మోతలోంచి, పెళ్లిలో ఉన్నానని అరిచాడు.

"మీది నేనెందుకు తీస్త సేటూ? నేను ముట్టలే."

"మరెవలు తీసిండ్రు?"

"నాకు, మీ ఇద్దరికి తప్ప ఎవలికి రాదది." మోయిజ్‌కు ఒకటి గుర్తొచ్చింది. "నిన్న హనుమండ్లు సేటు ఫోన్ చేసిండు. బోథ్ రైతుల వివరాలన్ని దించుకునేటట్టు చెయ్యిమన్నడు. చేసిన. గంతే."

సాయంత్రం లాప్‌టాప్ తెరిచి చూస్తానని, అందాకా ఫికర్ చేయొద్దని చెప్పి పెట్టేశాడు.

ఫికర్ అప్పుడే మొదలైంది. విజయేందర్ కూడుకుంటూ పోయాడు. పోయిన నెలలో హనుమండ్లు వస్తానని రాలేదు. విజయేందర్ భార్య, తన సొంతక్క ఉమారాణి ఫోన్ చేస్తే పనిలో ఉన్నానని ముక్తసరిగా పెట్టేశాడు. విత్తనాల కంపెనీ మనిషి జమ్మికుంట మొహం చూడకుండా నేరుగా బోథ్ పోయాడు. విడివిడిగా చూస్తే ఏదీ పెద్దది కాదు. అన్నీ కలిపితే మాత్రం ఒక్కటే తేలుతోంది. భాగస్వామిని బయటికి పంపాలనుకున్నవాడు ముందుగా కొట్లాడడు. చూపు తీసేస్తాడు.

ఇన్నేళ్లు కలిసి పెంచిన వ్యాపారం. దాని వెనక ఇంట్లో ఉమారాణి. రేపు ఆమె ఎటు నిలబడుతుంది? హనుమండ్లుకు ఫోన్ కలిపాడు.

"అంజన్నకు మొక్కి కొండగట్టు దిగుతున్న బావా. మీ దిక్కే వస్తున్న."

"నువ్వు చేసింది నాకు తెల్సింది."

విజయేందర్ ఆగకుండా అందుకున్నాడు.

"ముఖం మీద చెప్తే నేను కాదందునా? గిట్ల దొంగచాటుగ ఎందుకు? ఇగ నీది నీది, నాది నాది. మీ అక్కకు నువ్వే చెప్పుకో."

"వచ్చి మాట్లాడ్త బావా," అని మాత్రం అన్నాడు హనుమండ్లు. ప్రతి మాటకూ ఎదురు చెప్పే మనిషి ఎదురు చెప్పలేదు.

గోదాంలో సరుకు దింపించుకుని గుమాస్తా రమ అప్పుడే వచ్చింది. ఇద్దరు రైతులు నిలబడి ఉండటం చూసి, బిల్లు కొడతాను, కాస్త లేవమంది.

"లేస్తే ఏమొస్తది? నా దుకాణం లెక్క నాకే కనవడ్తలేదు."

రమ వంగి తెర మూలకు చూసింది. నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది.

"గిది మీది కాదు సేటూ, నాది. పొద్దుగాల బోణీ నా పేరు మీద కొట్టిండ్రు గద? అండ్లకెల్లి బయటికి రాకుంటనే కూసున్నరు."

మొదటి బిల్లు రమ పేరు మీద పడితే ఆ రోజు గిరాకీ ఆగదని విజయేందర్ నమ్మకం. ఆమె రావడం ఆలస్యమైతే ఆమె పాస్‌వర్డ్‌తో తనే కొట్టేవాడు. కొట్టాక మళ్లీ తన పేరుకు మారేవాడు. ఇవాళ మరిచాడు.

"అనుమతి లేదని నాకు రోజు గట్లనే వస్తది," అంది రమ. "నేనెవలినన్న ఏమన్న అంటున్ననా?"

తన పేరుతో లోపలికి పోయాడు. ధరలున్నాయి, రైతులున్నారు, బోథ్ ఉంది. ఏదీ ఎటూ పోలేదు.

ఎక్కడలేని సిగ్గు ముంచుకొచ్చింది. హనుమండ్లుకు ఫోన్ చేస్తే కలవలేదు. పొద్దున కూడినదంతా ఒక్కొక్కటే తీసేసుకున్నాడు. సగం వాటాదారు తన రైతుల వివరాలు దించుకుంటే తప్పేముంది? రాలేదంటే విత్తుల కాలం, తీరిక లేకపోయి ఉంటుంది. కంపెనీ మనిషి ఎటు పోతే ఏం? ఉమారాణికి ఫోన్ చేసి, తమ్ముడు వస్తున్నాడు, వాడికి ఇష్టమైన వంట చెయ్యమన్నాడు. ఆమె సంతోషపడుతుంటే ఎక్కువసేపు వినలేకపోయాడు. 'తప్పయింది' అన్న మాట నోట్లో తిప్పి చూసుకున్నాడు. ఇన్నేళ్ల వ్యాపారంలో దాంతో ఎన్నడూ పని పడలేదు.

ఎండ నడినెత్తికి వచ్చాక హనుమండ్లు దిగాడు. నుదుట కొండగట్టు సిందూరం. విజయేందర్ లేచి కుర్చీ జరిపినా కూర్చోలేదు.

"హనుమండ్లూ, పొద్దుగాల నేను ఫోన్ల అన్నది..."

"ముందుగాల నాకొక్కటి చెప్పు బావా." తల ఎత్తకుండానే హనుమండ్లు అడిగాడు.

"నేను వేరే దుకాణం పెడుతున్నట్టు నీకెవలు చెప్పిండ్రు?"